చర్చికి వ్రాసిన వీలునామా: ఫిఖహ్ గ్రంథాల నుండి సుప్రీంకోర్టు దాకా

విశాఖపట్నం ఓడరేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలు పక్కపక్కనే నిలిచి ఉన్నాయి. ఒకదానిపై హజ్రత్ ఇసహాఖ్ మదనీ (రహ్మ) దర్గా, ఇంకొకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం, మూడవదానిపై మేరీమాత చర్చి. చర్చి ఉన్న కొండను రాస్ కొండ అంటారు. 1864లో రాస్ అనే ఐరోపావాసి అక్కడ ఇల్లు కట్టుకున్నందువల్ల ఆ పేరు స్థిరపడింది. మూడు కొండలను ఒకే చూపులో చూపించి మత సామరస్యం గురించి రెండు మాటలు చెప్పడం ఊరికి వచ్చిన ప్రతి అతిథికీ జరిగే మర్యాదే. అందులో తప్పు లేదు. అయితే ఈ మూడింటిలో దేనికైనా తన ఆస్తి వ్రాసి ఇచ్చి పోదామనుకున్న మనిషికి మాత్రం మూడు కొండలూ చాలాకాలం ఒకే ఎత్తున కనిపించలేదు.

ఈ మాట విశదం కావాలంటే నగరం నుండి విజయనగరం వెళ్ళే దారిలో, పూల వ్యాపారానికి పేరుపొందిన ఆనందపురం దాకా రావాలి. అక్కడ ముగ్గురు రైతులు ఇరుగుపొరుగుగా ఉన్నారనుకుందాం. ఒకరు హిందువు, ఒకరు ముస్లిం, ఒకరు క్రైస్తవుడు. ముగ్గురికీ తలా రెండెకరాల స్వార్జిత భూమి ఉంది. ముగ్గురికీ పిల్లలు లేరు. అన్నదమ్ముల బిడ్డలు ఉన్నారు. సంవత్సరం 2000. ముగ్గురూ జబ్బుపడి, ఇక బ్రతకమని తెలిసి, తమ భూమిని దైవకార్యానికి ఇవ్వదలచారు. హిందూ రైతు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షను ప్రకారం రెండెకరాలూ ఆలయానికి వీలునామా వ్రాయవచ్చు. ముస్లిం రైతు వసీయత్ ద్వారా మూడవవంతు ఇవ్వవచ్చు; అంతకు మించితే వారసులు సమ్మతించాలి. క్రైస్తవ రైతు మాత్రం చర్చికి ఒక్క సెంటు కూడా వ్రాయలేడు. వ్రాసినా ఏడాది లోపల కన్నుమూస్తే ఆ కాగితం చెల్లదు. విచిత్రమేమంటే అదే రెండెకరాలను ఆ మనిషి తన స్నేహితుడికో, ముక్కూ మొహం తెలియని బాటసారికో, పేకాట క్లబ్బుకో వ్రాస్తే ఏ ఇబ్బందీ లేదు. మర్నాడే మరణించినా అది చెల్లుతుంది. క్రైస్తవుని వీలునామా స్వేచ్ఛకు మన దేశపు చట్టంలో మూడవవంతు వంటి హద్దు లేదు. ఉన్న అడ్డు ధర్మకార్యానికే!

ఆ అడ్డు పేరు 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 118వ సెక్షను. దాని సారాంశం ఇది. అన్నదమ్ముల బిడ్డలు గాని, అక్కచెల్లెళ్ళ బిడ్డలు గాని, అంతకంటె దగ్గరి బంధువులు గాని ఉన్న వ్యక్తి మతపరమైన లేక ధర్మపరమైన కార్యాలకు ఆస్తిని వీలునామా ద్వారా ఇవ్వాలంటే, ఆ వీలునామాను మరణానికి కనీసం పన్నెండు నెలల ముందు వ్రాసి ఉండాలి. వ్రాసిన ఆరు నెలల లోపున, జీవించి ఉన్నవారి వీలునామాలను భద్రపరచడానికి చట్టం ఏర్పాటు చేసిన చోట దానిని దాఖలు చేయాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా దానం వ్యర్థం.

దాఖలు చేయడమంటే రిజిస్ట్రేషను కాదు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం 42వ సెక్షను ప్రకారం వీలునామాను సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారు వద్ద ఉంచాలి. తాలూకా స్థాయి సబ్ రిజిస్ట్రారుకు ఆ అధికారం లేదు. అంటే ఆనందపురం రైతు తన వీలునామాను దగ్గరలో రిజిస్టరు చేయించుకుని, పని పూర్తయిందని ఇంటికి వచ్చి నిశ్చింతగా ఉంటే అతడు మోసపోయినట్లే. జిల్లా కేంద్రానికి స్వయంగా గాని, అధికారపత్రం పొందిన ప్రతినిధి ద్వారా గాని వెళ్ళి కవరు అప్పగించాలి. ఆ తర్వాత ఏడాది బ్రతకాలి. మొదటిది శ్రమ పడితే అయ్యేది. రెండవది మనిషి చేతిలో లేనిది.

చట్టం కింద ఇచ్చిన ఉదాహరణలు చూస్తే దీని విస్తృతి తెలుస్తుంది. బీదలకు సాయం, జబ్బుపడిన సైనికుల పోషణ, ఆసుపత్రి, అనాథల చదువు, పాఠశాల, వంతెన నిర్మాణం, రోడ్లు, చర్చి కట్టడం, చర్చి మరమ్మతు, మత గురువుల పోషణ, చివరకు ప్రజలు తిరిగే తోట కూడా. ఇవన్నీ వరుసగా చెప్పి, అన్నదమ్ముల బిడ్డ ఉన్న మనిషి నిబంధన ప్రకారం వ్రాయని వీలునామాతో వీటిలో దేనికి ఇచ్చినా ఆ దానం చెల్లదని చట్టం తేల్చివేసింది. వంతెనకు ఇచ్చిన వంద రూపాయలను, మఠానికి ఇచ్చిన వంద ఎకరాలను ఒకే గాటన కట్టిన ఈ అనుమానం ఎక్కడ పుట్టిందన్నది తర్వాతి ప్రశ్న.

అది పుట్టింది గోదావరి ఒడ్డున కాదు, థేమ్సు ఒడ్డున. మధ్యయుగాల ఇంగ్లండులో భూములు క్రమక్రమంగా మఠాల చేతికి పోయాయి. మనిషి చనిపోతే భూమి వారసుడికి వస్తుంది. ఆ సందర్భంలో ప్రభువుకు కొంత రుసుము ముడుతుంది. మఠం చనిపోదు. దాని చేతికి పోయిన భూమి మళ్ళీ బయటకు రాదు. అందుకే అటువంటి ఆస్తిని ‘మృతహస్తం’ అన్నారు. చచ్చిన చేయి పట్టు విడవదు గదా! 1736లో రెండవ జార్జి ప్రభుత్వం చేసిన శాసనం ఈ పాత భయానికి కొత్త భయాన్ని జోడించింది. మరణశయ్యపై ఉన్న మనిషి పరలోక భీతితో, పక్కన కూర్చున్న మతగురువు మాటలకు లోబడి, కట్టుకున్నవారిని కన్నవారిని వీధిన పడేసి పోతాడేమోనన్నది ఆ భయం. కాబట్టి ధర్మకార్యానికి భూమిని వీలునామా ద్వారా ఇవ్వడమే కూడదన్నారు. బ్రతికి ఉండగా దస్తావేజు ద్వారా ఇస్తే, అది మరణానికి పన్నెండు నెలల ముందే జరగాలి, ఆరు నెలల లోపున ఛాన్సరీ న్యాయస్థానంలో నమోదు కావాలి. భారత చట్టంలోని పన్నెండు నెలలు, ఆరు నెలలు ఈ లెక్క నుండి వచ్చినవే.

ఈ ఇంగ్లీషు శాసనం భారతదేశానికి వర్తిస్తుందా అన్న ప్రశ్న ఒక ఫ్రెంచి సైనికుడి వీలునామా మీద తలెత్తింది. లియాన్ నగరంలో 1735లో పుట్టిన క్లాడ్ మార్టిన్ ఫ్రెంచి సేనతో దక్షిణానికి వచ్చి, తర్వాత ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, లక్నోలో అవధ్ నవాబుల నీడన అపారమైన సంపద కూడబెట్టాడు. 1800 జనవరి 1వ తేదీన సుదీర్ఘమైన వీలునామా వ్రాసి, అదే ఏడాది సెప్టెంబరులో మరణించాడు. లక్నో, కలకత్తా, లియాన్ నగరాలలో పాఠశాలలకు, బీదలకు అందులో ధనం కేటాయించాడు. తన దేహాన్ని లక్నో భవనంలోనే పూడ్చాలని కూడా నిర్దేశించాడు. సమాధి ఉన్న కట్టడాన్ని ముస్లిం పాలకులు స్వాధీనం చేసుకోరన్న నమ్మకంతో అలా చేశాడని చెబుతారు. నిజమో కాదో గాని, వక్ఫ్ భూమిలో ఖబరుస్తాను ఉంటే ఆక్రమణదారుడు ఒక అడుగు వెనక్కి వేస్తాడన్నది మన ముతవల్లీలకు కొత్త సంగతి కాదు.

ఆ వీలునామాపై వ్యాజ్యాలు దశాబ్దాలు నడిచాయి. ఎట్టకేలకు 1836లో లియాన్ మేయరుకు, ఈస్టిండియా కంపెనీకి మధ్య వచ్చిన దావాలో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పింది. 1736 నాటి శాసనం ఇంగ్లండు స్థానిక పరిస్థితులకు పుట్టినదనీ, అది భారతదేశంలో ప్రవేశపెట్టబడలేదనీ తేల్చింది. కలకత్తా పాఠశాల అదే సంవత్సరం తెరిచారు; లక్నోది 1845లో తెరిచారు. ఈ తీర్పుతో సంగతి ముగిసి ఉండాలి.

ముగియలేదు. 1865లో భారత వారసత్వ చట్టం తయారైనప్పుడు తలుపు గుండా పంపిన దానిని కిటికీ గుండా లోపలికి తెచ్చారు. ఆ చట్టం అవసరం ఎలా కలిగిందో చెప్పడానికి తెలుగువారికి చేరువలోని ఒక ఊరి పేరు తలచుకోవాలి. అది బళ్ళారి. వారెన్ హేస్టింగ్సు 1772 ఏర్పాట్లలో వారసత్వ విషయాలలో ముస్లింలకు ఖుర్ఆన్ ధర్మం, హిందువులకు శాస్త్రం అని నిర్ణయమైంది. మతం మారిన దేశీయ క్రైస్తవుడికి ఏ ధర్మమో ఎవరూ చెప్పలేదు. బళ్ళారిలో ఆబ్కారీ కాంట్రాక్టులతో ధనవంతుడైన మాథ్యూ అబ్రహాం అనే దేశీయ క్రైస్తవుడు 1842లో వీలునామా లేకుండా చనిపోగా, ఆయన భార్య షార్లెట్టుకు, తమ్ముడు ఫ్రాన్సిసుకు ఆస్తి తగవు వచ్చింది. తమ్ముడు హిందూ ఉమ్మడి కుటుంబ ధర్మం ప్రకారం వాటా అడిగాడు. 1863లో ప్రీవీ కౌన్సిలు హిందువు క్రైస్తవుడైనపుడు హిందూ ధర్మశాస్త్రపు కట్టుబాటు తెగిపోతుందనీ, పాత ఆచారాన్ని ఉంచుకోవడమో వదలివేయడమో అతని నడవడిని బట్టి తేలుతుందనీ చెప్పింది. కుటుంబం కుటుంబానికి ఒక ధర్మం ఉంటే న్యాయస్థానాలకు కష్టమే. రెండేళ్ళలో చట్టం వచ్చింది. హిందువులు, ముస్లింలు, బౌద్ధులు దాని పరిధిలో చేరలేదు. మిగిలిన వారిలో దేశీయ క్రైస్తవులు ఉన్నారు. వారికి వారసత్వ వాటాలతోపాటు, ఎవరూ అడగని 105వ సెక్షను కూడా వచ్చింది. 1925లో చట్టాలను ఒకచోట చేర్చినప్పుడు అదే 118వ సెక్షను అయింది.

ఇంగ్లండులో మఠాల చేతిలో వేలాది ఎకరాలుండేవి గనుక అక్కడి భయానికి ఏదో కారణం ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున క్రాన్, డెగ్రాంజ్ అనే ఇద్దరు విశాఖపట్నం చేరి తెలుగు నేర్చుకుని సువార్తలను అనువదించడం మొదలుపెట్టిన నాటి నుండి, ఆ తర్వాతి వంద సంవత్సరాలలోను, ఉత్తర సర్కారు జిల్లాల క్రైస్తవులలో అత్యధికులు భూమి లేని వారు. వారి సంఘాలు పిడికెడు బియ్యపు కానుకలతో నిలిచినవి. అటువంటి జనంలో రెండెకరాలు సంపాదించుకున్న మొదటి తరం మనిషి ఊళ్ళో ప్రార్థన మందిరానికి అరెకరం వ్రాయబోతే, రెండవ జార్జి కాలపు ఇంగ్లీషు బిషప్పును చూసినట్లు చట్టం అతనిని చూసింది.

ఇక్కడ ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ చిక్కును ఎలా ఎదుర్కొన్నదో చూడాలి. వారసులు బజారున పడకూడదన్న ఆందోళన షరీఅత్‌కు ఏమాత్రం తక్కువ లేదు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మక్కాలో తీవ్రంగా జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (స) పరామర్శకు వెళ్ళారు. తనకు కూతురు తప్ప వారసులు లేరనీ, మూడింట రెండువంతుల సొమ్ము దానం చేయవచ్చునా అనీ ఆయన అడిగారు. కూడదన్నారు. సగం అని అడిగారు. కూడదన్నారు. మూడవవంతు అని అడిగితే సరేనన్నారు గాని, అదీ ఎక్కువేనని, వారసులను లోకుల ముందు చేయి చాచేలా వదలడం కంటె కలిగినవారిగా వదలి పోవడం మేలని బోధించారు. ఆ జబ్బు నుండి హజ్రత్ సఅద్ (రజి) కోలుకున్నారు. ఆ తర్వాత ఖాదిసియా యుద్ధంలో సేనానిగా నిలిచినది ఆయనే.

ఈ ఉదంతంలో రోగి మంచంపై ఉన్నాడు, మాట దానం గురించే, ఎదుట ఉన్నది సాక్షాత్తు ధర్మకర్త. ఇంగ్లీషు చట్టం భయపడిన సన్నివేశానికి కావలసిన పాత్రలన్నీ ఇక్కడ ఉన్నాయి. కాని ఫలితం తలక్రిందులు. మతగురువు స్థానంలో ఉన్నవారే దాతను వెనక్కి లాగారు. దానిని బట్టి ఫుఖహా కట్టిన నియమంలో కాలం లెక్క లేదు, మోతాదు లెక్క ఉంది. ఏడాది ముందు వ్రాసినా, గంట ముందు చెప్పినా మూడవవంతు మూడవవంతే. అది మసీదుకు ఇచ్చినా, స్నేహితుడికి ఇచ్చినా ఒకటే కొలత. ‘మర్జుల్ మౌత్’లో, అంటే మరణానికి దారితీసిన జబ్బులో, చేసిన హిబాకు, వక్ఫ్‌కు కూడా అదే కొలత వర్తిస్తుంది, మనిషి కోలుకుంటే అవి పూర్తిగా చెల్లుతాయి. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో వక్ఫ్ చేయదలచినవాడికి పరిమితి లేదు. ఖైబరులో తన వాటాకు వచ్చిన మంచి భూమిని హజ్రత్ ఉమర్ (రజి) ఏమి చేయాలని అడిగినప్పుడు, మూలాన్ని నిలిపి ఫలాన్ని దానం చేయమన్న ప్రవక్త (స) సలహాయే ఆ వ్యవస్థకు పునాది. వారసులను కాపాడడానికి మూడవవంతు నియమం ఎంత సూటిగా ఉన్నదో, 118వ సెక్షను అంత వంకరగా ఉన్నది. అది వారసులను స్నేహితుడి నుండి కాపాడలేదు, క్లబ్బు నుండి కాపాడలేదు. చర్చి నుండి, బడి నుండి, ఆసుపత్రి నుండి మాత్రమే కాపాడింది.

ఇక చర్చి మాటకే వద్దాం. ముస్లిమేతరుడు చర్చికి ఆస్తి వసీయత్ చేస్తే అది చెల్లుతుందా అన్న ప్రశ్నను హనఫీ ఫుఖహా పన్నెండు వందల ఏళ్ళ క్రితమే నిశితంగా చర్చించారని చాలామందికి తెలియదు. ఫర్గానా సీమకు చెందిన బుర్హానుద్దీన్ మర్గీనానీ (హిజ్రీ 593 / క్రీ.శ. 1197) రచించిన హిదాయా మన మదరసాలన్నింటిలోను పాఠ్యగ్రంథం. దాని వసీయత్‌ల అధ్యాయంలో జిమ్మీల వసీయత్ గురించి ప్రత్యేక ప్రకరణం ఉంది. గ్రంథం చివరికి వచ్చేసరికి పాఠం పరుగు అందుకుంటుంది గనుక ఈ పుటల మీద విద్యార్థుల చూపు నిలవడం అరుదు.

మర్గీనానీ ఈ వసీయత్‌లను నాలుగు రకాలుగా విడదీశారు. దాత విశ్వాసం ప్రకారమూ, ముస్లింల విశ్వాసం ప్రకారమూ పుణ్యమైనది మొదటి రకం. బైతుల్ మఖ్దిస్‌లో దీపాలు వెలిగించమని వ్రాయడం దీనికి ఉదాహరణ. అది నిస్సందేహంగా చెల్లుతుంది. ఇరువురికీ పుణ్యం కానిది రెండవ రకం. పాటకత్తెలకు ఇమ్మని వ్రాయడం వంటిది. అది చెల్లదు; ఫలానా వ్యక్తులకు అని పేర్లు చెబితే వారికి ఇచ్చిన సొత్తుగా చెల్లుతుంది. ముస్లింలకు పుణ్యమై దాతకు పుణ్యం కానిది మూడవ రకం. ఒక క్రైస్తవుడు తన సొమ్ముతో మసీదు కట్టమనో, ముస్లింలను హజ్‌కు పంపమనో వ్రాయడం. చదివేవారికి ఆశ్చర్యం కలగవచ్చు గాని, ఇదీ చెల్లదన్నారు. కారణం, దాత విశ్వాసంలో అది పుణ్యకార్యం కాదు. ఇక్కడ కూడా పేర్లు చెప్పి ఫలానా వారికి ఇస్తే చెల్లుతుంది. అంటే కొలబద్ద దాత హృదయమేగాని, గ్రహీతకు కలిగే లాభం కాదు.

నాలుగవది మన ప్రశ్న. దాతకు పుణ్యమై, ముస్లింల దృష్టిలో పుణ్యం కానిది. తన ఇంటిని చర్చిగా చేయమని క్రైస్తవుడు వసీయత్ చేశాడు. ఫలానా, ఫలానా వ్యక్తుల కొరకు అని పేర్లు చెప్పి ఉంటే మూడవవంతు మేరకు అది అందరి అభిప్రాయంలోను చెల్లుతుంది. ఎందుకంటే అది ఆ వ్యక్తులకు ఆస్తిని ఇవ్వడమే. చర్చిగా చేయమన్న మాట సలహా కింద జమ. పేర్లు చెప్పకుండా సాధారణంగా వ్రాస్తేనే అభిప్రాయ భేదం. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ), ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) చెల్లదన్నారు. అది యథార్థానికి పాపకార్యం, పాపానికి వసీయత్ అమలుచేస్తే దానిని స్థిరపరచినట్లవుతుందని వారి వాదం. వారిరువురికీ గురువైన ఇమామె ఆజం అబూ హనీఫా (రహ్మ) చెల్లుతుందన్నారు. వారి విశ్వాసంలో అది పుణ్యం. వారిని వారి విశ్వాసంపై వదలిపెట్టాలని మనకు ఆదేశం ఉంది. కాబట్టి వారి విశ్వాసాన్ని బట్టే నిర్ణయించాలన్నది ఆయన తర్కం. మసీదు వసీయత్‌ను త్రోసిపుచ్చిన నియమమే ఇక్కడ చర్చి వసీయత్‌ను నిలబెట్టింది. ఒకే త్రాసు, రెండు తూకాలు కావు.

ఇదే ప్రకరణంలో ఇంకొక మాట ఉంది. క్రైస్తవుడు ఆరోగ్యంగా ఉన్నప్పుడే చర్చి కట్టి, తర్వాత చనిపోతే ఆ కట్టడం అతని వారసులకు పోతుంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో కట్టినంత మాత్రాన సొంతదారు హక్కు తొలగదు. ఆయన మతంలో వక్ఫ్ కూడా అంతటితో బంధించదు. వసీయత్ మాత్రం హక్కును తొలగించడానికే ఏర్పడిన క్రియ. కాబట్టి బ్రతికి ఉండగా కట్టినది నిలవకపోయినా, వసీయత్ చేసినది నిలుస్తుంది. భారత చట్టంలో సరిగ్గా దీనికి విరుద్ధం. క్రైస్తవుడు బ్రతికి ఉండగా దాన దస్తావేజుతో చర్చికి సర్వస్వం ఇవ్వవచ్చు, మర్నాడు మరణించినా అడిగేవారు లేరు. వీలునామా వ్రాస్తే మాత్రం ఏడాది గడువు.

ఈ హిదాయాను హేస్టింగ్సు ప్రోత్సాహంతో మౌల్వీలు అరబ్బీ నుండి ఫార్సీలోకి మార్చగా, చార్లెస్ హామిల్టన్ ఆ ఫార్సీ నుండి ఇంగ్లీషు చేసి 1791లో ప్రచురించాడు. రెండు భాషల జల్లెడ నుండి రాలినది గనుక అందులో పొరపాట్లు ఉన్నాయి. అయినా కంపెనీ న్యాయాధికారుల బల్లపై ఆ గ్రంథం ఉండేది. 1865లో చట్టం వ్రాసినవారు చర్చికి వ్రాసిన వీలునామా విషయంలో తమకు అందుబాటులో ఉన్న ఈ చర్చను తిరగవేసి ఉంటే, దాత విశ్వాసాన్ని శంకించడం తప్ప వేరే దారి కూడా ఉందని గ్రహించి ఉండేవారు.

ఒక సంగతి దాచనక్కరలేదు. వసీయత్ విషయంలో ఇంత విశాలంగా ఉన్న ఫుఖహా వక్ఫ్ విషయంలో బిగువుగానే ఉన్నారు. ఖస్సాఫ్ (హిజ్రీ 261 / క్రీ.శ. 874) మొదలు ఇబ్నుల్ హుమామ్ (హిజ్రీ 861 / క్రీ.శ. 1457) వరకు, జిమ్మీ చేసే వక్ఫ్ ఇరువురి విశ్వాసంలోను పుణ్యమైతేనే చెల్లుతుందన్నారు. బీదలకు చెల్లుతుంది, చర్చికి చెల్లదు. చర్చికి వక్ఫ్ చేసి, అది పాడుబడిన తర్వాత బీదలకు అని వ్రాస్తే, మొదటి నుండే బీదలకు చెందుతుందన్నారు. ఉస్మానియా సామ్రాజ్యంలో 1568-69లో రెండవ సలీం సుల్తాను మఠాల భూములను స్వాధీనపరచుకున్నప్పుడు ఈ మీమాంస ఆచరణలోకి వచ్చింది. షైఖుల్ ఇస్లాం అబుస్సుఊద్ మఠానికి చేసిన వక్ఫ్ చెల్లదంటూనే, అక్కడి సన్యాసులకు, బీదలకు చేసినది చెల్లుతుందని దారి చూపారు. కట్టడానికి కాదు, మనుషులకు. హిదాయాలోని ‘పేరు చెప్పబడిన వ్యక్తులు’ ఇక్కడ వేరొక వేషంలో కనిపిస్తారు. ఖజానాకు సొమ్ము కావలసి వచ్చిన సుల్తానుకు ఫతవా దొరికిందని చరిత్రకారులు విమర్శిస్తారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు.

పరాయి అనుమానపు రుచి ముస్లింలకూ తెలుసు. 1894లో అబుల్ ఫతా మహమ్మద్ ఇసహాఖ్ దావాలో, ముందు సంతానానికి, ఆ పైన బీదలకు అని చేసిన వక్ఫ్‌ను ప్రీవీ కౌన్సిలు కొట్టివేసింది. బీదల పేరు కేవలం ముసుగు అని లార్డు హాబ్‌హౌస్ భావించాడు. తన వారిని పోషించడం కూడా సదఖా అన్న ఇస్లామీయ భావన ఆ న్యాయపీఠానికి అందలేదు. అంతకు ముందే కలకత్తా హైకోర్టులో జస్టిస్ అమీర్ అలీ భిన్నాభిప్రాయం వ్రాసి, ఈ విషయాన్ని ఫిఖహ్ ఆధారాలతో విశదం చేసి ఉన్నారు. మౌలానా షిబ్లీ నొమానీ దీనిపై ఉద్యమించారు. మహమ్మద్ అలీ జిన్నా 1911లో బిల్లు ప్రతిపాదించారు. 1913లో ముసల్మాన్ వక్ఫ్ ధ్రువీకరణ చట్టం వచ్చింది. ముస్లింలకు పందొమ్మిది సంవత్సరాలలో ఆ మచ్చ తొలగింది. క్రైస్తవులకు 1865 నుండి లెక్కిస్తే నూట ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది.

ఈలోగా ఇంగ్లండు తన శాసనాన్ని తానే విప్పుకున్నది. 1891లో దానిని చాలావరకు సడలించి, 1960లో పూర్తిగా రద్దుచేసింది. భారతదేశంలో 1991లో పార్సీలకు 118వ సెక్షను నుండి మినహాయింపు దొరికింది. ఆ పైన దాని బరువు ప్రధానంగా క్రైస్తవుల నెత్తిన మిగిలింది. 1997లో కేరళకు చెందిన క్రైస్తవ గురువు జాన్ వల్లమట్టం సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1998లో కేరళ హైకోర్టు ఒక దావాలో ఈ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. చివరకు 2003 జూలై 21న ప్రధాన న్యాయమూర్తి వి.ఎన్. ఖరే, జస్టిస్ ఎస్.బి. సిన్హా, జస్టిస్ ఎ.ఆర్. లక్ష్మణన్‌లతో కూడిన ధర్మాసనం దానిని కొట్టివేసింది.

తీర్పు ఆధారం సమానత్వాన్ని చెప్పే 14వ అధికరణం. మత స్వాతంత్ర్యపు 25, 26 అధికరణాల వాదాన్ని న్యాయస్థానం అంగీకరించలేదు. క్రైస్తవునికి ఉన్న అడ్డు ఇతరులకు లేదు. ధర్మకార్యానికి ఉన్న అడ్డు ఇతర కార్యాలకు లేదు. అన్నదమ్ముల బిడ్డలు ఉన్నవానికి ఉన్న అడ్డు లేనివానికి లేదు. పన్నెండు నెలలు బ్రతకడం ఎవరి వశంలోనూ లేదు. ఈ తేడాలలో దేనికీ హేతువు కనిపించదని న్యాయమూర్తులు అన్నారు. దానం క్రైస్తవ మతంలో విధిగా చేయవలసినది కాదు గనుక మత స్వాతంత్ర్యం ప్రసక్తి లేదన్న ధోరణి మాత్రం అంత తృప్తికరంగా లేదు. విధి కానిదంతా మతం కానిదైతే, నఫిల్ నమాజు, సదఖా, వక్ఫ్ అన్నీ మతం వెలుపల పడతాయి. గెలిచిన వారు ఈ భాగాన్ని పట్టించుకోకపోవడం సహజమే. అదే తీర్పులో ప్రధాన న్యాయమూర్తి 44వ అధికరణాన్ని ప్రస్తావించి, ఉమ్మడి పౌరస్మృతి ఇంతవరకు రాలేదని విచారం వెలిబుచ్చారు. ఒక అల్పసంఖ్యాక వర్గం తనకు జరిగిన వివక్ష తొలగించమని వెళితే, అందరి వ్యక్తిగత ధర్మాల మీదా వ్యాఖ్య వెలువడింది.

దానంపై షరతుల ముచ్చట అక్కడితో ఆగలేదు. 1954, 1995 చట్టాలు వక్ఫ్ చేసేవాడు ఇస్లాం మతావలంబి కావాలన్నాయి. 2013 సవరణ ‘ఎవరైనా’ అని మార్చింది. 2025 సవరణ మళ్ళీ ముస్లిం అన్నది; అంతేకాక కనీసం ఐదేళ్ళుగా ఇస్లాంను ఆచరిస్తున్నట్లు చూపాలన్నది. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో, ఆచరణను నిర్ధారించే విధానానికి నియమాలు ఏర్పడేవరకు ఈ ఐదేళ్ళ షరతును నిలిపివేసింది. 118వ సెక్షను దానం తర్వాత పన్నెండు నెలలు బ్రతకమన్నది. ఇది దానానికి ముందు ఐదేళ్ళు లెక్క చూపమన్నది. నిన్న షహాదా పలికిన మనిషి నేడు తన భూమిని మసీదుకు ఇవ్వదలిస్తే ఫిఖహ్‌లో అతనిని ఆపే నియమం ఏదీ లేదు.

ఇక ఆనందపురం క్రైస్తవ రైతు సంగతి. 2003 తర్వాత అతడు తన స్వార్జితం మొత్తాన్ని చర్చికి వ్రాయవచ్చు, ఏడాది బ్రతకనక్కరలేదు. ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే చాలు, రిజిస్ట్రేషను ఐచ్ఛికమే. అంతకు ముందు ఏడాది, 2002లోనే, దేశీయ క్రైస్తవుల వీలునామాకు ప్రొబేటు తప్పనిసరి అన్న నియమం కూడా తొలగింది. విశాఖ నగరపు పెరుగుదల జాతీయ రహదారి వెంట ఆనందపురం దాకా పాకి, ఒకప్పుడు బంతి, చేమంతి పండిన మడి ధర సెంట్ల లెక్కకు వచ్చాక, అన్నదమ్ముల బిడ్డలు ఊరుకుంటారన్న భరోసా మాత్రం లేదు. వారికి మిగిలిన ఆయుధాలు రెండు. వ్రాసిన నాడు మనిషి స్పృహలో లేడనడం ఒకటి, ఇతరుల ఒత్తిడికి లోబడ్డాడనడం మరొకటి.

అన్నింటికంటె ఎక్కువ చిక్కు తెచ్చేది గ్రహీత పేరు. ‘మా ఊరి చర్చికి’ అని వ్రాస్తే ఏ చర్చి? దక్షిణ ఇండియా సంఘం ఆస్తులు 1947లో ఏర్పడిన ట్రస్టు అసోసియేషను పేర ఉంటాయి. కెనడా బాప్టిస్టుల నుండి వచ్చిన సంఘాలకు వేరే ఏర్పాటు ఉంది. రోమన్ కథోలికుల ఆస్తికి మేత్రాసనం ఉంది. ఊరూరా వెలసిన స్వతంత్ర సంఘాలలో కొన్ని సొసైటీగా రిజిస్టరైనవి, కొన్ని పాస్టరు పేరునే నడిచేవి. పాస్టరు పేర వ్రాస్తే అది ఆయనకు, ఆయన తర్వాత ఆయన బిడ్డలకు పోతుంది. చర్చిగా ఉంచమన్న మాట సలహాగా మిగులుతుంది. మర్గీనానీ చెప్పిన ‘ఫలానా వ్యక్తుల’ మసాలా ఇదే. కనుక వీలునామాలో ట్రస్టు లేక సొసైటీ పేరు, రిజిస్టరు నంబరు, భూమి సర్వే నంబరు, హద్దులు స్పష్టంగా ఉండాలి. జిల్లా రిజిస్ట్రారు వద్ద సీలు కవరులో వీలునామా ఉంచుకునే సౌకర్యాన్ని 2003 తీర్పు తీసివేయలేదు. తప్పనిసరి కావడం మానివేసిన ఆ ఏర్పాటును ఇప్పుడు ఏ మతంవారైనా తమ కాగితం భద్రత కొరకు ఇష్టప్రకారం వాడుకోవచ్చు.